తొట్టిలో నిలబడ్డ సంఘం

జేసీబీ మొదటి దెబ్బకే ప్రహరీ గోడ కూలింది. రెండో దెబ్బ చర్చి గోడకు పడేలోపు కన్నమ్మ వచ్చి అడ్డంగా నిలబడింది. డెబ్బై రెండేళ్ళ మనిషి. ఊడుస్తున్న చీపురు ఇంకా చేతిలోనే ఉంది.

డ్రైవరు ఉలిక్కిపడి బండి ఆపాడు.

"పాట్టీ, తళ్ళి నిల్లు!" అని తమిళంలో అరిచాడు రెవెన్యూ ఇన్‌స్పెక్టరు. తర్వాత తెలుగులోకి దిగాడు. "జరుగు ముసలమ్మా. గవర్నమెంటు పని."

"ఎవురు చెప్పినారు మా చర్చి కూల్చమని?"

ఇన్‌స్పెక్టరు నవ్వాడు. చంకలోని ఫైలు తీసి ఒక కాగితాన్ని గాలిలో ఆడించాడు.

"మీరే! కట్టడం పాడుబడింది, కూల్చేయండి, స్థలం మీరే తీసుకోండి అని మీ సంఘమే తీర్మానం చేసి అర్జీ పెట్టింది. కింద మీ వేలిముద్రలు. మొదటిది నీదే."

తమిళనాడులో తిరువాలంగాడు స్టేషనుకు నాలుగు కిలోమీటర్ల అవతల, చెరువు కట్ట కింద, తెలుగువాళ్ళుండే ఎర్రగుంట కాలనీ. ఆ రోజు సోమవారం. ఆదివారం వస్తే నూట నలభై మంది ఉంటారని ఆ వీరులకు తెలుసు. అందుకే సోమవారం వచ్చారు. కంపెనీ బస్సులు వెళ్ళిపోయాక, ఇటుకలు కాల్చే బట్టీకి, సూళకు, పోయేవాళ్ళు పోయాక, ముసలివాళ్ళ మీదికి ఒక జేసీబీ, ఒక వ్యాను, ఒక ఎస్సై, పన్నెండు లాఠీలు. ప్రభుత్వం ధైర్యం ఎంతో తెలుసుకోవాలంటే అది ఏ రోజున వస్తుందో చూస్తే చాలు.

వాళ్ళ వెనక, కాస్త దూరంలో, అద్దాలు పైకెత్తిన తెల్ల కారు. లోపల వాసుదేవ. చెరువులో మన్ను తవ్వి లారీలకెత్తే కాంట్రాక్టరు. చెరువు నుంచి మెయిన్ రోడ్డుకు దగ్గరి దారి ఈ చర్చి నిలబడ్డ పది సెంట్ల మీదుగానే ఉంది. ఆయన దుమ్ము పుట్టిస్తాడు గానీ దుమ్ములోకి దిగడు.

"ఏసూ, కొట్టు!" అంది కన్నమ్మ.

చర్చి కాపలా చూసే ఏసు, వేలాడదీసిన రైలుపట్టా ముక్కను సుత్తితో కొట్టడం మొదలుపెట్టాడు. ఆ మోత సూళ దాకా పోతుంది.

"ఆ ముసలోణ్ణి పట్టుకోండి," అన్నాడు ఎస్సై. అప్పటికే కన్నమ్మ చీపురు పారేసి, చర్చి పక్కనున్న బాప్తిస్మపు తొట్టి మెట్లు దిగింది. వచ్చే ఆదివారం బాప్తిస్మాలున్నాయి. తొట్టిలో నడుము లోతు నీళ్ళున్నాయి. మధ్యకు పోయి నిలబడింది. లాఠీలు ఏసును వదిలి అటు తిరిగాయి.

"ఇప్పుడు కూల్చండి," అంది.

ఆ తొట్టి సంగతి చెప్పాలి.

ఇరవై ఆరేళ్ళ కిందట కన్నమ్మ సూళలో ఇటుకలు కోసేది. పక్క అచ్చు దగ్గర పనిచేసే నగరి మనిషి ఆమెకు తెలుగు బైబిలు చదవడం నేర్పింది. ఏడుగురు చేరారు. తాటాకు పందిరి వేశారు. తిరుత్తణి నుంచి ఒక పాస్టరు బస్సులో వచ్చి బాప్తిస్మం ఇస్తానన్నాడు. బాప్టిస్టులకు నెత్తిన చిలకరిస్తే చాలదు, మనిషి మొత్తం మునగాలి. మునగడానికి నీళ్ళేవి? వాసుదేవ తండ్రి బావి దగ్గరికి పోతే మోటారు ఆపించాడు. చెరువుకు పోతే గట్టు మీద కర్రలతో మనుషులను నిలబెట్టాడు. వీళ్ళు దిగితే నీళ్ళు మైలపడతాయట. అవే నీళ్ళలో ఆయన గేదెలు రోజూ దిగి చేయవలసినవన్నీ చేసేవి.

ఏడుగురూ సూళలో పారేసిన విరిగిన ఇటుకలు ఏరుకొచ్చి తొట్టి కట్టారు. చేతిపంపు నుంచి రెండు రోజులు బిందెలు మోశారు. సంఘం అట్లా పుట్టింది. ఏడుగురు ముప్పై అయ్యారు, పందిరి పోయి రేకులు, రేకులు పోయి మిద్దె వచ్చాయి. ముప్పై నూట నలభై అయ్యారు.

వాసుదేవకు దేవుడితో పేచీ లేదు. పదో వార్షికోత్సవానికి శాలువా కప్పించుకుని పోయాడు కూడా. పేచీ చేతులతో. బాప్టిస్టు సంఘంలో పైన బిషప్పు ఉండడు. మునిగి లేచిన ప్రతి మనిషికీ ఒక చెయ్యి, ఒక ఓటు. పాస్టరును పెట్టుకోవాలన్నా, సున్నం కొట్టాలన్నా అందరూ కూర్చుని చెయ్యెత్తి తేల్చాలి. ఆదివారం చెయ్యెత్తడం అలవాటైనవాళ్ళు సోమవారం సూళలోనూ ఎత్తారు. కూలి పెంచమన్నారు. పెంచేదాకా ఆ చేతులు దిగలేదు. ఆరు నెలల కిందట చెరువు మన్ను లారీలు కాలనీలోంచి పోకూడదని చెయ్యెత్తారు. మరునాటి నుంచి లారీలు పోలేదు. అప్పటి నుంచి వాసుదేవకు ఈ కట్టడం పాడుబడినట్టు కనిపిస్తోంది.

రైలుపట్టా మోతకు సూళ ఖాళీ అయింది. ఒళ్ళంతా ఎర్రమట్టితో ఆడవాళ్ళు పరుగెత్తుకొచ్చారు. ఎవరూ ఏమీ అడగలేదు. కన్నమ్మ తొట్టిలో ఉంది, వాళ్ళూ తొట్టిలోకి దిగారు. ముప్పై మందికి తొట్టి నిండింది. పట్టనివాళ్ళు చుట్టూ గట్టు మీద, చర్చి మెట్ల మీద కూర్చున్నారు.

"ఎల్లారుం వెళియే వాంగ! అందరూ బయటికి రండి!" అని గద్దించాడు ఎస్సై.

"మేము రాము సార్, మీరే దిగండి. ఎండగా ఉండాది," అంది గట్టు మీద కూర్చున్న సూళ కూలీ గోవిందమ్మ. తొట్టంతా నవ్వింది. లాఠీ పట్టుకున్న ఒక కానిస్టేబులూ నవ్వబోయి మానుకున్నాడు.

ఎస్సై జేసీబీ వైపు తిరిగాడు. "పోనీయ్. భయపడి లేస్తారు."

డ్రైవరు మింజూరు మనిషి. వాడూ దినకూలీయే. తాళం తీసి జేబులో వేసుకున్నాడు. "మనుషుల మీదికి నా చేత కాదు సార్. మీరు నడపతారా?"

సరిగ్గా అప్పుడు పాస్టరు పాల్‌రాజ్ బండి వచ్చి ఆగింది. ఐదేళ్ళ కిందట పట్టాభిరాం నుంచి వచ్చిన మనిషి. ఇస్త్రీ చొక్కా, మెత్తటి గొంతు. కూలిన ప్రహరీ చూసి మోకాళ్ళ మీద పడ్డాడు. ఏడ్చాడు. లేచి ఇన్‌స్పెక్టరుకు దండం పెట్టాడు.

"సార్, ఒక్క నిమిషం. ఆ కాయితం..." అందుకుని చూశాడు. ముఖం చేతుల్లో దాచుకున్నాడు. "ఎంత మోసం! ప్రభు బల్ల ఆదివారం, రొట్టె ద్రాక్షరసం పంచిన పొద్దు, నేను మీ చేత వేలు పెట్టించింది నీళ్ళ కనెక్షను అర్జీ మీద. దాన్ని ఎవురో తీసేసి, మీ ముద్రలకు ఇంకో కాయితం అంటించినారు."

"ఎవురు?" అన్నారు నలుగురు.

"నేను పేరు చెప్పను. తీర్పు తీర్చేది దేవుడు." కళ్ళు తుడుచుకున్నాడు. "అర్జీ బీరువాలో పెట్టినాను. తాళంచెవి ఏసు దగ్గర ఉండాది. అంతే నాకు తెలిసింది."

పేరు చెప్పనన్నవాడు ఇంత చక్కగా చెప్పాడు.

జనం ఏసు వైపు తిరిగారు. ఏసు ఇరవై ఏళ్ళు వాసుదేవ ఇంట్లో జీతగాడు. ఆ సంగతి అందరికీ తెలుసు. అందరికీ ఒకేసారి గుర్తొచ్చింది.

"మామా, ఎంతకమ్మినావు?" అని ఒకతను ఏసు చొక్కా పట్టుకున్నాడు.

"నేనా? నేను బీరువా తెరవనే లేదురా!"

"వాళ్ళ ఉప్పు తిన్నావు గదా, ఆ ఉప్పు ఊరికే పోనిస్తావా?"

ఒక చెంపదెబ్బ పడింది. సుత్తి ఏసు చేతిలోంచి జారింది. తెల్ల కారు అద్దం రెండంగుళాలు దిగింది. కూలీలు కూలీని కొట్టడం చూడటానికి మాత్రం ఆయనకు దుమ్ము అడ్డం రాలేదు. తొట్టిలోంచి ఇద్దరు ముగ్గురు బయటికి రాబోయారు. ఎస్సై కళ్ళు మెరిశాయి.

"ఎవురూ లేవొద్దు!" అంటూ అరుగు మీదికి ఎక్కింది జెనిఫర్.

కన్నమ్మ మనవరాలు. ఇరవై రెండేళ్ళు. సెల్‌ఫోన్ల కంపెనీలో నైట్ షిఫ్టు చేసి పొద్దున ఏడింటికి వచ్చి పడుకుంది, కంపెనీ యూనిఫారంలోనే లేచి వచ్చింది. పాల్‌రాజ్ అందుకుని చూస్తున్నప్పుడు ఆ కాగితాన్ని వెనక నుంచి ఫోనులో ఫోటో తీసింది. ఇంతసేపూ దాన్ని పెద్దది చేసి చదువుతోంది.

ఇక్కడే ఆ సంఘం చేసిన తప్పు ఉంది. సంఘంలో పెద్దలకు అక్షరమంటే తెలుగు బైబిలు. తమిళం గడగడా మాట్లాడతారు, ఒక్క ముక్క చదవలేరు. పిల్లలు తమిళం చదువుతారు, కానీ బాప్తిస్మం కాలేదు గనుక సభ్యులు కారు. సభ్యులు కానివాళ్ళకు చెయ్యి లేదు, కాగితం మీద వేలు లేదు. అందుకే ఆ తమిళ కాగితం కుర్చీ కుర్చీకీ తిరిగినప్పుడు, చదవగలిగిన ప్రతి ఒక్కరినీ దాటుకుంటూ, చదవలేని నూట నలభై మంది చేతుల్లోకే పోయింది. ఆ సంగతి తెలిసినవాడే దాన్ని రాయించాడు.

"ఏసు తాతను వదలండి," అంది జెనిఫర్. "నేను చదివినాను. చెప్తాను వినండి. దీంట్లో..."

"అమ్మా జెనీ," పాల్‌రాజ్ గొంతు ఇంకా మెత్తగానే ఉంది. "ఇది సంఘం విషయం. నీకు బాప్తిస్మం కాలేదు. బాప్తిస్మం లేనివాళ్ళు సంఘంలో ఒకరి మీద నింద వేయకూడదు. రూలు. మన పెద్దలు పెట్టిందే."

"పిల్ల చెప్తే ఏమయితాదయ్యగారూ?" అంది గోవిందమ్మ.

"ఈ పొద్దు రూలు తప్పితే రేపు సంఘమే ఉండదమ్మా."

జేసీబీ ముందు నిలబడి రూలు గురించి మాట్లాడుతున్నాడు. ఇన్‌స్పెక్టరు కూడా తల ఊపాడు. రూలు అనే మాట వినబడితే చాలు, ఆ ఆఫీసర్ల జాతికి ప్రాణం లేచొస్తుంది.

జనం గొణిగారు. రూలు నిజమే. ఇరవై ఆరేళ్ళుగా వాళ్ళు దాన్ని తప్పలేదు.

"రూలు సరే," అంది కన్నమ్మ నీళ్ళలోంచి. "దిగు పాపా."

"అవ్వా?"

"తొట్టి ఉండాది. నీళ్ళు ఉండాయి. సంఘం ఉండాది. ఇంకేం కావాల? దిగు."

పాల్‌రాజ్ ముందుకొచ్చాడు. మెత్తదనం మొదటిసారి చిరిగింది. "ఏం ఆట ఇది? పాస్టరును నేను! ఆడమనిషి బాప్తిస్మం ఇచ్చేదా?"

"నువ్వు పట్టాభిరాంలో పలక పట్టుకోని తిరిగేటప్పుడే ఈ తొట్టి ఉండింది నాయనా. నిన్ను పాస్టరును చేసింది ఎవురు? ఈ చేతులే. చేతులే చెప్పనీ." కన్నమ్మ చుట్టూ చూసింది. "ఈ పిల్లకు ఇప్పుడే, నా చేతి మీద బాప్తిస్మం ఇచ్చేది ఎవురికి ఇష్టమో, చెయ్యెత్తండి."

తొట్టిలోంచి ముప్పై తడి చేతులు లేచాయి. గట్టు మీద మట్టి చేతులు లేచాయి. మెట్ల మీద లేచాయి. చెంపదెబ్బ తిన్న ఏసు చెయ్యి లేచింది. కొట్టినవాడి చెయ్యి, కాస్త ఆలస్యంగా, అదీ లేచింది.

"అన్‌లాఫుల్ అసెంబ్లీ!" అని అరిచాడు ఎస్సై. ఎవరూ తిరిగి చూడలేదు.

జెనిఫర్ ఫోను గోవిందమ్మకు ఇచ్చి మెట్లు దిగింది. కన్నమ్మ ఆమె రెండు చేతులూ పట్టుకుంది. ఎవరికీ వినబడకూడదన్నట్టు మెల్లగా అడిగింది.

"నమ్మకం ఉండాదా పాపా? మాట్లాడేదానికి మాత్రమే అయితే వద్దు. నేను ముంచను."

"ఐదేండ్లుగా లేదవ్వా. అందుకే తప్పించుకోని తిరిగినాను. కంపెనీలో లీవు ఇయ్యలేదని అబద్ధం చెప్పినాను." జెనిఫర్ చుట్టూ ఉన్న ముఖాలను చూసింది. "వీళ్ళందరూ ఏమీ అడక్కుండా దిగినారు చూడు, అప్పుడు కుదిరింది."

కన్నమ్మ ఇంకేమీ అడగలేదు. వీపు కింద చెయ్యి వేసి వెనక్కి వంచింది. యూనిఫారంతో సహా పిల్ల నీళ్ళలో మునిగింది, లేచింది. ఎవరో పాట ఎత్తుకోబోతే కన్నమ్మ చేత్తో ఆపింది.

"పాట తర్వాత. ఇప్పుడు నువ్వు సభ్యురాలివి. అడుగు."

జెనిఫర్ ముఖం మీద నీళ్ళు తుడుచుకుంది.

"ఈ కాయితం ఒకటే. అంటించింది లేదు, మార్చింది లేదు. పైన తమిళంలో రాత. ఆఖరి వరుస కిందే, అదే కాయితంలో, మా అవ్వ వేలిముద్ర. దాని పక్కన ఏసు తాతది. తర్వాత మీవన్నీ." గట్టు వైపు తిరిగింది. "గోవిందమ్మత్తా, ఆ ఆదివారం మీరు వేలు పెట్టేటప్పుడు కాయితం ఖాళీగా ఉండిందా, రాసి ఉండిందా?"

"రాసే ఉండింది."

"ఆ రాత కిందే గదా పెట్టినారు?"

"అవును, దాని కిందే!" అన్నారు పదిమంది.

"ఆ రాతలో నీళ్ళ కనెక్షను అనే మాటే లేదు. ఒక్కసారి కూడా లేదు. చర్చిని కూల్చేయండి అని ఉండాది. స్థలం మాకు వద్దు అని ఉండాది. కావాల్సింది వాసుదేవకు, ఆ పేరు మనకు ముందే తెలుసు. ముద్ర కొట్టింది ఈ సార్ల ఆఫీసు, అదీ ఎదురుగా నిలబడి ఉండాది. మధ్యలో ఉండేవాడు ఎవురని నేను అడుగుతా ఉండేది."

ఇన్‌స్పెక్టరు ఫైలు మూశాడు. పాల్‌రాజ్ ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆ అడుగు తెల్ల కారు వైపు పడింది. జనం అది చూశారు.

"ఏసు తాతకు ఏ రాతా రాదు. తాళంచెవి ఉంటే అక్షరాలు వస్తాయా? ఆ పొద్దు ప్రభు బల్ల ముందర నిలబడి, ఈ కాయితాన్నే రెండు చేతులతో పట్టుకోని, చర్చిని కూల్చండి అని రాసిండేదాన్ని నీళ్ళ అర్జీ అని మనకు తెలుగులో చదివి వినిపించింది ఎవురు?"

నోట్లో ఉన్న పేరును బయటికి తీయడానికి అక్కడున్న అందరూ సిగ్గుపడ్డారు. ఐదేళ్ళుగా ఆ పేరు చివర అయ్యగారు అని తగిలించి పిలిచినవాళ్ళు.

"పేరు చెప్పు పాపా," అంది కన్నమ్మ. "సంఘంలో నింద వేసేవాళ్ళు పేరు చెప్పి వేయాల. అదీ రూలే."

జెనిఫర్ చెయ్యెత్తి చూపించింది. కారు అద్దం దాకా వినబడేట్టు, చివర ఏ గౌరవమూ తగిలించకుండా అంది:

"పాల్‌రాజ్!"