ముక్కల్లో గడ్డకట్టిన మాట

పొద్దున్న ఆరున్నరకి బట్టల మిల్లు క్యాంటీన్లో మొదట వినబడేది బంగాళాదుంపల తొక్క తీసే చప్పుడు. రెండు పీటలు, రెండు కత్తులు. ఒక పీట మీద పెద్దకోడలు, ఇంకో పీట మీద చిన్నకోడలు. ఒకే ఇంటి తోడికోడళ్ళు, ఒకే వంటగదిలో పని. దేవుడు ఎవర్ని ఎవరి పక్కన ఎందుకు కూర్చోబెడతాడో మనకి చెప్పడు కదండీ, చూస్తూ ఉండమంటాడు అంతే.

బస్తాల్లో దుంపలు మొలకలెత్తి పాడైపోతున్నాయని ఆ మధ్య ఒక పెద్ద ఫ్రీజరు తెప్పించారు. దాని కిటుకు చిన్నకోడలు పట్టేసింది. ముక్కలు కోసి, కడిగి, మరిగే నీళ్ళలో మూడే మూడు నిమిషాలు ఉంచేది. తీసి వెంటనే ఐసు నీళ్ళలో ముంచేది. గుడ్డ మీద తడి లేకుండా ఆరబెట్టి, పళ్ళెంలో ఒకదానికొకటి తగలకుండా పరిచి, రాయిలా గట్టిపడ్డాక సంచుల్లో కట్టేది. వండేటప్పుడు మెత్తబడేదాకా ఆగకుండా గడ్డ గడ్డగానే నూనెలో వేసేది.

పెద్దకోడలికి ఇదంతా చూస్తే ఒళ్ళు మండేది. "పచ్చి దుంపని ఉడకేసి, చన్నీళ్ళు పోసి, ఒళ్ళు తుడిచి... దానికేమన్నా జ్వరమటే?" అనేది.

"అలా చెయ్యకపోతే నల్లబడతాయక్కా."

"నా చేతిలో ఏదీ నల్లబడలేదు ఇన్నాళ్ళూ."

ఇంకో జాగ్రత్త కూడా ఉంది, అది క్యాంటీన్లో అందరికీ తెలిసిందే. పళ్ళెం ఫ్రీజర్లో పెట్టేటప్పుడు పక్కన ఎవరు ఏం మాట్లాడినా ఆ మాట ముక్కల్లో గడ్డకట్టేస్తుంది. మళ్ళీ వేడి నూనె తగలగానే అదే గొంతుతో బయటికొస్తుంది. అందుకని తలుపు తీసేముందు "నోళ్ళు!" అని ఒక కేక పడేది, అందరూ గప్‌చుప్. ఒకసారి గిన్నెలు తోమే ఆయన మరిచిపోయి మేనేజరుగారి విగ్గు మీద ఏదో అన్నాడు. పది రోజుల తర్వాత, సరిగ్గా మేనేజరుగారు పళ్ళెం పట్టుకుని వరసలో నిలబడ్డప్పుడు అది మూకుడులోంచి వినబడింది. ఆయన పెద్దమనిషి. విగ్గు సర్దుకుని, "ఇంకో గరిటె వెయ్యమ్మా" అన్నారు.

ఇంతలో పాత వంటమాస్టరు పని మానేశాడు. ఆ చోటు ఈ ఇద్దరిలో ఒకరికే. "ఫ్రీజర్లో ఎవరి దుంపలు వాళ్ళు పెట్టుకోండి. పదిహేనో రోజున వండి చూపించండి" అన్నారు మేనేజరుగారు.

పెద్దకోడలికి నిద్ర పట్టలేదు, అన్నం సయించలేదు. పదకొండేళ్ళు పొగ మింగింది తను. మొన్న మొన్న వచ్చిన ఈ పిల్ల చేతి కింద రేపు ఉల్లిపాయలు తరగాలా? ఆ మంటలో మూడు నిమిషాలు మరిగించే ఓపిక ఎక్కడిది! పచ్చి ముక్కలు పచ్చిగానే పళ్ళెంలో పోసి ఫ్రీజర్లోకి తోసింది. తోస్తూ తోస్తూ నోరు జారింది: "దాని చెయ్యి పడిపోను! ఓడిపోయి ఇంట్లో కూర్చోవాలది!"

అనేశాక నాలిక్కరుచుకుంది. కానీ మాట అప్పటికే లోపలికెళ్ళిపోయింది.

పరీక్ష రోజు పొద్దున్నే వచ్చి చూసుకుంటే తన ముక్కలు బొగ్గుల్లా ఉన్నాయి. పక్క సంచిలో చిన్నదానివి తెల్లగా, పొడిగా, గలగలలాడుతూ. చుట్టూ చూసింది. దేవుడు తప్ప ఎవరూ లేరు. ఆయన ఎలాగూ మాట్లాడడనుకుని, సంచుల మీద పేర్లు రాసిన చీటీలు మార్చేసింది.

పదకొండింటికి రెండు పొయ్యిలు వెలిగాయి. మేనేజరుగారు కుర్చీ వేసుకున్నారు. పెద్దకోడలు ముందుగా తెల్ల ముక్కలు నూనెలో పోసింది. చుయ్యిమన్నాయి. ఆ ఆవిరిలోంచి చిన్నకోడలి గొంతు లేచింది.

"దేవుడా, అక్కకిచ్చిన చెయ్యి నాకెందుకివ్వలేదు? ఆవిడ ఉప్పు చూడకుండా వేస్తుంది, నేను పదిసార్లు చూసినా కుదరదు. కుళ్ళిపోతున్నాను స్వామీ. ముక్క నల్లబడకుండా చూడ్డం తప్ప నాకేం వచ్చు?"

పళ్ళెం లోపల పెడుతూ చేసుకునే ప్రార్థన మాటల కింద లెక్క కాదనుకుంది చిన్నది, పిచ్చితల్లి.

పెద్దకోడలి చేతిలో గరిటె ఆగిపోయింది. నన్ను చూసి కుళ్ళుకుందా ఇది? నన్నా? పదిహేను రోజులుగా గుండెలో కుదురుకున్న మంట మీద ఎవరో చెంబుడు నీళ్ళు కుమ్మరించినట్టయింది.

అప్పుడు పక్క పొయ్యి గుర్తొచ్చింది. చిన్నకోడలు నల్లటి ముక్కల్ని చూసి మొహం పాలిపోయి నిలబడింది. అయినా చేసేదేం లేక సంచి మూకుడు మీదికి వంచబోతోంది.

"వెయ్యకు!" పెద్దకోడలు ఒక్క అంగలో వెళ్ళి సంచి లాక్కుంది. "అవి నావే. నీవి నా మూకుడులో ఉన్నాయి. చీటీలు నేనే మార్చాను."

"ఎందుకక్కా?"

"నువ్వెందుకు కుళ్ళుకున్నావో నేనూ అందుకే!" అంటూనే తన పొయ్యి దగ్గరికెళ్ళి, వేగుతున్న ముక్కల మీద అలవాటుగా, చూడకుండానే ఉప్పు చల్లింది.

మేనేజరుగారు విగ్గు సర్దుకున్నారు. లేచి, పెద్దకోడలి మూకుడులోంచి ఒక ముక్క తీసి నోట్లో వేసుకున్నారు. రెండోది తీసుకున్నారు. "ముక్క ఈ అమ్మాయిది. ఉప్పు నీది. నన్నేం చెయ్యమంటావు?" అన్నారు.

"ఫ్రీజరున్న వంటిల్లు దానికే అప్పగించండి బాబూ" అంది పెద్దకోడలు. ఆ మాట అనడానికి ఎంత కష్టపడిందో ఆ నల్ల ముక్కల సంచికే తెలుసు. దాన్ని ఇంటికి పట్టుకెళ్ళి, తలుపులేసుకుని, ఒక్కతే వేయించి, ఆ తిట్టు ఆఖరిదాకా తనే విని, తనే తింది.

చిన్నకోడలు వంటమాస్టరయింది. నెల తిరిగేలోపే వరసలోవాళ్ళు "కూర అందంగా ఉంది గానీ చప్పగా ఉందమ్మా" అనడం మొదలెట్టారు. మేనేజరుగారు కూడా పళ్ళెంలో సగం వదిలేశారు. ఆ రోజు చిన్నకోడలు కళ్ళు తుడుచుకుంటూ ఫ్రీజరు అడుగునున్న సంచి ఒకటి తీసి నూనెలో కుమ్మరించింది.

"అరచేతి గుంటలో సగం" అంది పెద్దకోడలి గొంతు, కసురుతున్నట్టు. "ముక్క ముప్పావు వంతు వేగాక వెయ్యి, ముందు కాదు. వేసేటప్పుడు దాని వంక చూడకు, కిటికీలోంచి బయటికి చూడు. నాకంటే బాగా కుదిరిందో, ఊరుకునేది లేదు."

చిన్నకోడలు అటు తిరిగింది. పెద్దకోడలు పీట మీద వంచిన తల ఎత్తకుండా ఉల్లిపాయలు తరుగుతోంది.

చిన్నకోడలు ఉప్పు డబ్బాలో చెయ్యి పెట్టి, కిటికీ వైపు చూసింది.