సూరాంబ నొసటి కుంకుమ

వానలు వెనుకబట్టిన హేమంతారంభమున చెన్నపురియందు అపరాహ్ణాతపము పండిన జొన్నకంకుల చాయకు దిరిగి, జలధితరంగశీకరవాహియగు మందమారుతము ఎగుమూరు తోటలలోని బాదముచెట్ల యెఱ్ఱనాకులను నేల రాల్చుచుండ, స్త్రీసమాజమువారి పచ్చికబయలున సున్నపుగీతలు గీచి వల గట్టి ఆ నగరమున దొలిసారిగా నేర్పఱచిన స్త్రీల బ్యాడ్మింటను పందెముల కడపటి యాట నాడించుచుండిరి. చుట్టును దడి గట్టి పురుషులను రానీయనందున, జరీయంచు చీరలు గట్టిన గృహిణులును టోపీలు దాల్చిన దొరసానులును బెంచీలమీద గిక్కిరిసి కూర్చుండిరి.

వల కీవల నాడువా రిద్దఱు ప్రాణస్నేహితురాండ్రు. అందొకతె వకీలు భార్యయగు అలివేలు. రెండవది పొరుగింటి నరసింగరావుపంతులుగారి కూతురు సూరాంబ, ఊహ తెలియకమునుపే పెండ్లియై మగని మొగమైన నెఱుగక విధవయైన నిర్భాగ్యురాలు. కోడలిని బంపుడు, శిరోముండనము గావింపవలెనని నెల్లూరి యత్తవారు ఏటేట కబురంపుచుండ, పంతులుగారు కన్నప్రేమచే నేదో యొక సాకు చెప్పి నెట్టుకొనివచ్చుచుండెను.

"ఆడుకొమ్ము తల్లీ. కాని నలుగురి నోట బడితివా, నీ తల కాపాడుట నాచేత గాదు" అని యాతడు మునుపే చెప్పియుండెను. అందులకే ముసలి మేనత్త వెంకుబాయమ్మ తోడు వచ్చి బెంచీ చివర జపమాల త్రిప్పుచు గూర్చుండెడిది. తెల్లచీర కొంగు నడుమునకు బిగించి రాకెట్టు పట్టినంతసేపును సూరాంబకు తాను విధవ ననుమాట జ్ఞప్తి యుండెడిది కాదు. అలివేలునకును అంతే.

ఆట సాగి సాగి ఇరుపక్షములును సరిసమానమై నిలువ, ఎదుటి దొరసాని మింటి కెత్తి కొట్టిన ఈకబంతి గాలికి వంకర తిరిగి వెనుకగీతకడ బడబోవుచుండ, సూరాంబ వెనువెనుకకు బరుగిడి యెగిరి కొట్టిన దెబ్బకు అది వలయంచు నొరసికొని యావల జాఱిపడెను. గెలుపు వీరిదయ్యెను. అలివేలు చెలిని గౌగిలించుకొని యేడ్చినంత పని చేసెను.

వెండికప్పు చేతి కందినపిమ్మట, సభ ముగియునపుడు ముత్తైదువలకు బొట్టు పెట్టి పంపు మన యాచారముచొప్పున అధ్యక్షురాలు కుంకుమబరిణె తెచ్చి మొదట అలివేలు ముందు బట్టెను. సూరాంబ యెప్పటివలె ఒదిగి నిలిచెను. అలివేలు సంతోషమున నొడలు మఱచి, తన నొసట బొట్టు పెట్టుకొని, ఆ వ్రేలితోడనే, చెల్లెలికి అక్క పెట్టునట్లు సూరాంబ నొసటను బెట్టెను.

పెట్టి, చూచి, కొయ్యవాఱిపోయెను. నవ్వు లన్నియు నొక్కమాటుగా నణగినవి. వెంకుబాయమ్మ లేచి వచ్చెను.

"పద సూరాంబా. ఇంక నీ యాట చాలు. మీ నాయనతో నేను చెప్పకున్నను ఈ యూరంతయు జెప్పును."

అలివేలు కొంగుతో ఆ బొట్టును దుడువబోగా సూరాంబ మెల్లగా నామె చేయి పట్టుకొనెను. పండుగనాడు క్రొత్తపరికిణి కట్టిన పసిపిల్ల సిగ్గు ఆ మొగమున నుండెను.

"ఉండనిమ్ము వదినా. అద్దమున జూచుకొను వ్యవధి వారెట్లును నాకీయరు. నీవే చెప్పుము, నాకెట్లున్నది?"

అలివేలు నోరు దెఱచెను గాని మాట రాలేదు. అంతలో మేనత్త మేనకోడలి ఱెక్క పట్టుకొని బండివైపు నడిపించుకొనిపోయెను.

ఆ పక్షము తిరుగకమునుపే సూరాంబను నెల్లూరి రైలెక్కించిరి. అత్తవారు అనుకొన్నంతయు జేసిరి. పగవారు చేయని చేటు ప్రేమించిన చేయి చేసెనే యని యలివేలు కుమిలి కుమిలి సగమయ్యెను. ఆమె మఱి రాకెట్టు ముట్టలేదు. ప్రత్యుదయమును అద్దము ముందు బొట్టు పెట్టుకొనునపుడు ఆమె పెదవులు మెల్లగా గదలుచుండెడివి. మగడు అది యేదో మంత్రమనుకొని యూరకుండెడివాడు.

"బాగున్నదమ్మా, నీకు చాల బాగున్నది" అని యామె చెప్పుచుండెడిది.