అంబలిపేటలో రాజామణి వంతు

తిరుత్తణి దాటాక వచ్చే ఆ చిన్న టౌనుకు అంబలిపేట అని పేరు పెట్టింది రైలు జనం. ఎప్పుడో ఒకసారి తమిళుల ఆడి నెలలో పట్టాల మీదికి నీళ్ళెక్కి, రైలు పగలంతా అక్కడే నిలిచిపోయింది. అమ్మవారి గుడి దగ్గర పోయాల్సిన అంబలి కుండల్ని ఆడవాళ్ళు నెత్తిన పెట్టుకుని మోసుకెళ్ళి, పెట్టె పెట్టెకీ పోశారు. ఆకలి తీరినవాళ్ళు దిగిన చోటల్లా ఆ మాటే చెప్పుకున్నారు. స్టేషన్ బోర్డు మీది అసలు పేరు ఇప్పుడు టిక్కెట్టుకే పనికొస్తుంది.

ఈ ఆడి ఆదివారం గుడి దగ్గర అంబలి పోసే వంతు రాజామణిది. ఆమె కూతురు దీపికను గుమ్మిడిపూండి ఫ్యాక్టరీలో "ఏమే అంబలిపేటా" అని ఏడిపించే తోటి పనివాళ్ళు, వయసులో ఉన్న ఆడపిల్లలు, రుచి చూస్తామని బయల్దేరారు. రాజామణికి కంటి మీద కునుకు లేదు. వాళ్ళలో ఒక్కదానికి కడుపులో తిప్పినా, బిడ్డ మళ్ళీ ఆ గేటు లోపలికి ఏ ముఖంతో పోతుంది? తెల్లారి గుడ్డ విప్పితే అంబలి బుడగలేస్తోంది. పులిసిన రాగి అంబలి అట్లాగే ఉంటుందని తెలిసిన మనిషే. అయినా బెదిరిపోయి, కుండంతా కుడితి తొట్టిలో పోసేసింది.

"యమ్మా, ఏం చేసినావు! వాళ్ళు బస్సు దిగేసినారు," అంది దీపిక.

"నాకు ఒళ్ళు బాగలేదని చెప్పు. యాడన్నా హోటల్లో టిఫన్ ఇప్పించి పంపీ."

"అంబలిపేటకి పిలిచి ఇడ్లీ పెట్టాల్నా?"

ఈ గొడవ విని పక్కింటి గోవిందమ్మ తన ఇంటికని కాచుకున్న అంబలి కుండ తెచ్చి దించింది.

"నీదీ బుడగలొస్తా ఉండాది కదక్కా!" అంది రాజామణి.

"రాకపోతే అది అంబలా, పిండి నీళ్ళా? ఇంత బయపడేదానివి బిడ్డనెట్ల కన్నావే? చెంబు పట్టు."

పోసే మనిషే ముందు తాగాలి, అక్కడి ఆనవాయితీ అది. మజ్జిగ, చిన్నుల్లిపాయలు కలిపిన అంబలిని రాజామణి గుడి ముందు మందు మింగినట్టు మింగింది. చెంబు దించి ఊరికే నిలబడింది. వచ్చిన పిల్లలు గ్లాసులు పట్టుకుని ఎండలో నిలబడ్డారు.

"ఇంకేం చూస్తా ఉండావుమా?" అంది దీపిక.

"రవంత తాళు. నాకేమన్నా అయితాదేమో చూసి పోస్తా."

పిల్లలు విరగబడి నవ్వారు. నిలబడీ నిలబడీ కాళ్ళు లాగాక, ఇక భయపడే ఓపిక కూడా లేక రాజామణి పోసింది. తాగినవాళ్ళు మళ్ళీ గ్లాసులు చాపారు.

"దీపికా, వీళ్ళ నంబర్లన్నీ నా ఫోన్లో ఎక్కించు."

"ఎందుకుమా?"

"రేపు ఒక్కొక్కరినీ అడగాల, కడుపు ఎట్లుండాదని."