దింపుడు జ్వరం

లారీ పూర్తిగా ఆగనైనా ఆగలేదు. మిల్లు గేటు ముందు కాస్త నెమ్మదించగానే మేస్త్రీ వెనక తలుపు దించి, కొండ సొరంగంలో రాయి తొలిచే కుర్రాణ్ణి రోడ్డు మీదికి జార్చేశాడు. షిఫ్టు దిగి వస్తున్న ఆడవాళ్ళంతా చూశారు. వాళ్ళలో వాడి అక్క కూడా ఉంది. దారం చుట్టే మరల దగ్గర పని ఆమెది.

మండుటెండలో వాడు గజగజ వణికిపోతున్నాడు.

"ఏం చేశారు మా వాణ్ణి?" అంటూ ఆమె లారీ వెంట పరుగెత్తింది.

"ఇంటి మీద బెంగ పెట్టుకున్నాడు. నీ చేతి కూడు తింటే అదే సర్దుకుంటుంది" అని మేస్త్రీ తలుపు బిగించుకున్నాడు.

ఆసుపత్రిలో డాక్టరు తలెత్తకుండా మాత్రలు రాశాడు.

"రక్తం పరీక్ష చెయ్యరా డాక్టరుగారూ?"

"దేనికమ్మా? మామూలు జ్వరం. ఈ ఊళ్ళో మలేరియా లేదు."

"వీడు ఈ ఊళ్ళో ఉంటేగా! ఎక్కణ్ణుంచి వచ్చాడో అడగండి."

డాక్టరు అడగలేదు. తర్వాతి మనిషిని పిలిచాడు.

మర్నాడు జ్వరం దిగింది. "నీ వంటకే చావనివాణ్ణి, జ్వరానికి చస్తానా అక్కా?" అని తమ్ముడు నవ్వాడు కూడా. ఆ మర్నాడు చలి మళ్ళీ పట్టుకుంది. మాట తడబడింది. అక్కని ఎవరు నువ్వని అడిగాడు. మధ్యాహ్నానికి ప్రాణం పోయింది.

పరిహారం అడగబోతే సొరంగం కాంట్రాక్టరు గుమ్మంలోనే తేల్చేశాడు: "సైటులో పోతే నా పూచీ. ఇంటికొచ్చి పోతే నాకేంటి సంబంధం?"

అప్పుడు అర్థమైంది అక్కకీ తోటి మిల్లువాళ్ళకీ, వణుకు మొదలైన ప్రతివాణ్ణీ లారీ ఎందుకు ఎక్కిస్తున్నారో.

ఆ సాయంత్రం మిల్లు షెడ్డులో అడుగు పెట్టే చోటు లేదు. "నన్నూ అట్లాగే దింపాడు" అన్నాడు సొరంగం నుంచి తిరిగొచ్చిన బొంగురు. గొంతులో రాతిదుమ్ము చేరి వాడికా పేరొచ్చింది. మా ఆయన్ని, మా అల్లుణ్ణి అని గొంతులు లేచాయి.

"గొడవ చేస్తే ఆ పనీ ఊడుతుంది. పిల్లలకేం పెడతాం?" అన్నాడు ఓ ముసలి నేతగాడు.

"వెళ్ళేటప్పుడు మావాడూ ఇదే మాటన్నాడు మావా" అంది అక్క.

పొద్దున్నే జ్వరాలవాళ్ళందర్నీ మోసుకెళ్ళి ఆసుపత్రి వరండా నింపేశారు. రక్తం తీసేదాకా కదిలేది లేదన్నారు. డాక్టరు అక్కని పక్కకి పిలిచి గొంతు తగ్గించాడు.

"రక్తం చూస్తే ఉన్నది రాయాలి. మలేరియా అని రాస్తే సొరంగం క్యాంపు మూసేస్తారు. పైవాళ్ళు నన్ను బతకనివ్వరమ్మా."

ఆమె గొంతు తగ్గించలేదు. "విన్నారా? ఈయనకి ముందే తెలుసట."

జనం లేచి తలుపులకి అడ్డంగా నిలబడ్డారు. డాక్టరే సూది అందుకున్నాడు. బొంగురుకి మలేరియా. వాడి పక్కవాడికీ. ఆ పక్కవాడికీ. ఆ రోజే మందు మొదలైంది.

ఇంతలో కబురొచ్చింది, కొత్త కూలీలతో లారీ బయలుదేరుతోందని. జనం అటు ఉరికారు. నడవలేనివాళ్ళు సైతం భుజాలు పట్టుకుని వచ్చి, దుప్పట్లతోనే చక్రాల ముందు పడుకున్నారు.

"లారీని పొమ్మంటారా మా మీంచి?" అన్నాడు బొంగురు, లారీ మీది కుర్రాళ్ళని చూస్తూ. "మేం పోయొచ్చిన చోటికేరా మిమ్మల్ని తీసుకుపోయేది. దోమతెర లేదు, మందు లేదు. వణికితే తెచ్చి రోడ్డు మీద పారేస్తారు."

ఒకడు దూకాడు. మేస్త్రీ వాడి చొక్కా పట్టుకునేలోగా మిగతావాళ్ళూ దిగిపోయారు.

పోలీసులు లాఠీలతోనే దిగారు. అక్కని జుట్టు పట్టి వ్యానెక్కించారు. ఆమె వెనకే బొంగురు తనంత తానే ఎక్కాడు. ఆ వెనక జ్వరాలవాళ్ళు, మిల్లు ఆడవాళ్ళు, ముసలి నేతగాడు. వ్యాను చాలలేదు. మిగిలినవాళ్ళు నడిచి వెళ్ళి స్టేషను నింపారు.

"ఎవడే మీ నాయకుడు?" అని ఇన్‌స్పెక్టరు అక్క మీదికొచ్చాడు.

ఆమె చిరిగిన జాకెట్టు మీద కొంగు సర్దుకుని, బొంగురు జేబులోంచి మాత్రలు తీసింది.

"వీళ్ళు మందేసుకునే వేళయింది. ముందు మంచినీళ్ళు తెప్పించు. నీ ప్రశ్నలు తర్వాత."