గేటు దగ్గర లేని ముఖం

కోలారు ఊరి బయట రాళ్ళ క్వారీలో మందు పేల్చితే ఊళ్ళో ఎవరూ తల కూడా ఎత్తరు. వాళ్ళకది అలవాటైన చప్పుడు. నర్సింగు ఆఖరి సంవత్సరం చదువుతున్న మంగళ మాత్రం ఆ రోజు వార్డులో చేస్తున్న పని ఎక్కడిదక్కడ వదిలేసి పరుగు తీసింది. మంచం మీద గౌనిపల్లి సొన్నమ్మ పుండుపడ్డ కాలు చాపుకొని, సగం చుట్టిన కట్టుతో అలాగే ఉండిపోయింది. మంగళ మెట్లు దిగి, గేటు దాటి, రోడ్డు పక్కన వేరుశనక్కాయలు వేయించేవాడి ముందు ఆగి, రొప్పుతూ, "ఏ షాఫ్టన్నా?" అని అడిగింది.

వాడు పాపం బాణలిలోకి చూశాడు, ఆమె ముఖంలోకి చూశాడు. కోలారులో షాఫ్టు ఎక్కడిది? గనిలోకి మనుషుల్ని దించే షాఫ్టులన్నీ కె.జి.ఎఫ్. బంగారు గనుల దగ్గర ఉన్నాయి, బస్సెక్కి పోవాల్సినంత దూరంలో.

నవ్వుకోవడానికి బాగానే ఉంది గానీ, బంగారు గనుల లైన్లలో పుట్టిన పిల్ల తప్ప ఇంకెవరూ ఇలాంటి పొరపాటు చేయరు. లైన్లంటే కూలీలకు కంపెనీ కట్టించిన వరుస ఇళ్ళు. అక్కడ నేల అదిరిందంటే కింద ఎక్కడో బండ పగిలిందని అర్థం. దాన్ని ఏర్‌బ్లాస్టు అంటారు. అదిరీ అదరగానే ఆడవాళ్ళు పొయ్యి మీదది పొయ్యి మీదే వదిలేసి, పిండి అంటిన చేతులతో, చంకన బిడ్డలతో షాఫ్టు గేటుకు పరుగెత్తుతారు. ఆ వేళ ఎవరూ ఎవరినీ ఆపరు. కేజిలో, అంటే గని లిఫ్టులో, పైకి వచ్చిన మనిషికి గేటు దగ్గర ఇంటివాళ్ళందరి ముఖాలూ కనిపించాలి. అవి చూశాకే గుక్కెడు నీళ్ళు తాగుతాడు. గనులు తెల్లదొరల చేతుల్లోంచి సర్కారు చేతికి వచ్చాయి, బోర్డుల మీద పేర్లు మారాయి, ఈ పద్ధతి మాత్రం మారలేదు. నడక వచ్చినప్పటినుంచీ ఆ గేటుకే పరుగెత్తిన కాళ్ళకు ఇది కోలారని ఎవరు చెప్పాలి?

వార్డు సిస్టరు జయలక్ష్మమ్మ కేకలేయలేదు. మంగళకు అదే ఎక్కువ బాధగా ఉంది. ఎందుకంటే జయలక్ష్మమ్మ ఒకప్పుడు మిలిటరీ ఆసుపత్రిలో పనిచేసి వచ్చిన మనిషి. చదువైపోగానే తనూ మిలిటరీ నర్సునవుతానని హాస్టలంతా చాటుకున్నది మంగళే.

"నువ్వు భయపడింది తప్పని నేననను," అంది సిస్టరు, ఆ కట్టు విప్పించి మళ్ళీ మొదటినుంచి చుట్టిస్తూ. "చప్పుడైతే నాకూ గుండె జారేది. చెయ్యి మాత్రం కదలకూడదు. నువ్వు పేషెంటు మీదనుంచి చెయ్యి తీసేసినావు. ఆ ఉద్యోగంలో చప్పుళ్ళకు కొదవుండదు మంగళా. సెలవులకు ఇంటికి పోతాండావు గదా, బాగా ఆలోచన చేసి రా."

"పోనీలేమ్మా, బిడ్డ మళ్ళీ వచ్చింది గదా," అని సొన్నమ్మ వెనకేసుకొచ్చింది. దాంతో మంగళకు ఉన్న సిగ్గు రెట్టింపయింది.

ఆ కొలువంటే ఆమెకెందుకంత మోజంటే, భుజం మీద నక్షత్రాలు, సెల్యూట్లు, అవీ ఉన్నాయి. లేవని అబద్ధమాడదు. అసలు సంగతి మాత్రం వేరు. చిన్నప్పటినుంచీ ఆ గేటు దగ్గర ఆమె చేసిందల్లా స్ట్రెచరుకు దారి ఇవ్వడం, ఏడ్చేవాళ్ళతో కలిసి ఏడవడం. దెబ్బ తగిలిన మనిషిని చూస్తూ ఊరికే నిలబడటం ఇక తన వల్ల కాదనిపించింది.

సెలవులకు ఇంటికి పోయి ఆ మాటెత్తితే తండ్రి రామాంజినప్ప ఒప్పుకోలేదు. ఆయనది గనిలో కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని. ముద్ద చేతిలోనే పట్టుకొని అన్నాడు:

"వద్దు పాపా. ఇట్లాంటి పనికి ఇంటికి ఒగడు చాలు. నాకేమన్నా అయితే మీ అమ్మకు గేటు ఉండాది, పరిగెత్తుతాది. నువ్వు యాడో మంచుకొండల్లో ఉంటే నీ కోసరం మేము యాడికి పరిగెత్తల్ల?"

"తిననీ బిడ్డను," అంటూ తల్లి గురువమ్మ కంచంలో పులుసు పోసింది. కోలారులో జరిగిన సంగతి మంగళ వాళ్ళకు చెప్పలేదు. తండ్రిని ఎప్పటికైనా ఒప్పించవచ్చు. తన కాళ్ళ మీదే ఆమెకు నమ్మకం పోయింది.

సెలవుల్లో ఊరికే కూర్చోలేక లైన్ల చివర ఉన్న డిస్పెన్సరీకి పోయి కట్లు కట్టేది. ఒకరోజు పొద్దున గుండప్ప దగ్గు మందు కోసం వచ్చి బల్ల మీద కూర్చున్నాడు. దుమ్ము మింగి మింగి ఊపిరితిత్తులు పాడుచేసుకొని రిటైరైన గని మనిషి. కాంపౌండరు శ్రీరామప్ప సీసాలో మందు పోస్తుండగా నేల అదిరింది.

కోలారు క్వారీ చప్పుడు లాంటిది కాదిది, అసలుదే. మందుల అద్దాల బీరువా ముందుకు ఒరిగి గుండప్ప పక్కనే కూలింది, పగిలిన అద్దం ఆయన చేతిని కోసింది. శ్రీరామప్ప చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్ళిపోయాడు. ఆయన కొడుకు కింద ఉన్నాడు, ఎవరూ తప్పు పట్టరు. మంగళ తండ్రి కూడా కిందే ఉన్నాడు. ఆమె కాళ్ళు అప్పటికే వరండా దాటుతున్నాయి.

"పో అమ్మా, బిరీన పో," అన్నాడు గుండప్ప వెనకనుంచి. "నాది చెయ్యే గదా, గుడ్డ చుట్టుకుంటాలే."

ఆయన పెద్ద మనసు చూపించుకోవడానికి అనలేదు, పద్ధతి ప్రకారం అన్నాడు. మంగళ ఒక్కసారి వెనక్కి తిరిగింది. ముంజేతి నుంచి నెత్తురు ఉండుండి ఎగజిమ్ముతోంది. చూడగానే ఆమెకు అర్థమైంది, తను పోతే ఈ ముసలాయన బతకడు.

వెనక్కి వచ్చింది. ఆయన్ని పడుకోబెట్టి, చెయ్యి పైకెత్తి, కట్టుగుడ్డ మడతపెట్టి తన బలమంతా పెట్టి అదిమింది. బయట జనం పరుగెత్తుతున్నారు. ఎవరో ఆమె పేరు పెట్టి కూడా పిలిచారు. లైన్లలో పుట్టి, ఏర్‌బ్లాస్టు అయితే గేటుకు పోని మొదటి ఆడపిల్ల తనేనేమో అనిపించింది. అదిరిన తీరును బట్టి ఏ షాఫ్టో గుండప్ప చెప్పగలడు. ఆ ప్రశ్న ఆమె నోటిదాకా వచ్చింది. అడగలేదు. వింటే కాళ్ళు ఆగవని తెలుసు.

"తాతా, నిద్ర పోవద్దు. ఏదన్నా మాట్లాడు," అంది.

"ఏం మాట్లాడేది తల్లీ, నువ్వు ఏడుస్తాండావు," అన్నాడు గుండప్ప.

ఏడుస్తున్నానని ఆమెకు అప్పుడు తెలిసింది. చెయ్యి మాత్రం తీయలేదు.

ఎంతసేపయిందో, తలుపు దగ్గర నీడ పడింది. ఒళ్ళంతా బూడిద రంగు దుమ్ము, తలకు టోపీ, దాని మీద ఆర్పని దీపం. రామాంజినప్ప. వెనక ఆయాసపడుతూ గురువమ్మ.

"పాపా! నీకేమన్నా అయ్యిందా?"

తండ్రిని చూడగానే మంగళ ప్రాణం లేచి వచ్చింది. లేచి ఆయన మీద పడి ఏడవాలనిపించింది. "నాకేం కాలేదు నాయనా," అంది. "గాజు పెంకులుండాయి, తొక్కొద్దు. ఆ మూల ఉండే గుడ్డలు ఇట్లియ్యి."

ఆయన ఇచ్చాడు. తర్వాత ఆసుపత్రి వ్యాను వచ్చి గుండప్పను తీసుకుపోయేదాకా బల్ల చివర కూర్చొని కూతురి చేతుల్నే చూస్తూ ఉండిపోయాడు. ఆ రోజు గనిలో ఎవరూ చనిపోలేదు. ఇద్దరికి ఎముకలు విరిగాయి. శ్రీరామప్ప కొడుక్కి గీత కూడా పడలేదు. వ్యాను కదిలాకే మంగళ చేతులు కడుక్కుంది.

"గేటు కాడ మీ అమ్మ ఉండాది, నువ్వు లేవు," అన్నాడు రామాంజినప్ప. "ఏ గోడన్నా నీ మీద పడిందేమో అనుకుంటి. నిన్ను యాడని ఎతకల్ల? లైన్లంతా పరిగెత్తినా." టోపీ తీసి దీపం ఆర్పాడు. "నువ్వు మిలిటరీకి పోతే నాకు దినమూ ఇట్లే గదా ఉంటాది?"

కాదని చెప్పాలనుకుంది. "ఉంటాది నాయనా," అంది.

ఆయన భార్య వైపు తిరిగాడు. "ఇన్నేండ్లు నీకు ఇట్లే ఉండేదా, గురువీ?"

"ఇంగేం చేసేది," అంటూ ఆమె చెంబు అందించింది. కేజి దిగినప్పటినుంచీ ఆయన నీళ్ళు ముట్టలేదు. చెంబు పట్టుకొని ముందు భార్య ముఖం చూశాడు, తర్వాత కూతురి ముఖం చూశాడు. అప్పుడు తాగాడు.

"పో పాపా," అన్నాడు మూతి తుడుచుకుంటూ. "మీ అమ్మ నేర్చుకునింది. నేనూ నేర్చుకుంటా."