సాక్షి సంతకం

రెండువేల ఇరవై ఏప్రిల్ ఏడో తేదీ మధ్యాహ్నం అమెరికాలోని మిల్వాకీలో వడగళ్లు పడ్డాయి. హైస్కూలు చుట్టూ వీధులకు వీధులు తిరిగిన ఓటర్ల వరుసలోంచి ఒక్క మనిషీ కదల్లేదు. ఊరంతటికీ నూట ఎనభై పోలింగ్ కేంద్రాలు ఉండాల్సింది, ఐదే తెరిచారు. మహమ్మారి వచ్చింది, గడప దాటొద్దని చెప్పిన ప్రభుత్వమే అధ్యక్ష పదవికి పార్టీల అభ్యర్థులను ఎంచుకునే ప్రైమరీ ఎన్నికకు వచ్చి నిలబడమంది. ముందురోజు సాయంత్రం దాకా గవర్నరు వద్దంటాడు, కోర్టు జరగాల్సిందే అంటుంది. ఆ పెద్దల పంతాల మధ్య నలిగిందెవరో వరుసను చూస్తే తెలిసిపోయేది. బస్సు డ్రైవర్లు, వంటవాళ్లు, ముసలివాళ్లను కనిపెట్టుకుని ఉండే ఆయాలు, ఆస్పత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీ ఆడవాళ్లు.

లాండ్రీ నుంచి వచ్చినవాళ్లు ఏడుగురు. అందరి మూతులకూ చిరిగిన దిండు గలీబులతో కుట్టుకున్న గుడ్డలే. వెర్నా టాలివర్‌కు ఆరడుగుల ముందు డెల్ఫీన్ ఓక్స్ నిలబడి ఉంది. అరవై ఏడేళ్ల మనిషి, నెత్తిన ప్లాస్టిక్ సంచి కప్పుకుంది.

"తడిసిపోతున్నావు డెల్ఫీనక్కా. ఇంటికి పోరాదూ," అంది వెర్నా.

"మా నాన్న మిసిసిపీలో ఓటు రాయించుకుంటానని పోతే, నల్లోడికి ఓటేంటని కుక్కల్ని వదిలారే. ఈ మంచుగడ్డలకి నేను పోతానా? నోర్మూసుకుని జరుగు."

వెర్నా తలదించుకుంది. అక్క అసలు ఆ వరుసలో ఉండాల్సిన మనిషి కాదు. ఆమె ఓటు కాగితం రెండు వారాల ముందే పోస్టులో ఇంటికి వచ్చింది. పోస్టులో ఓటేస్తే, కళ్లారా చూసిన సాక్షి ఒకరు కవరు మీద సంతకం పెట్టాలని ఆ రాష్ట్రంలో చట్టం. డెల్ఫీన్ ఒంటరి మనిషి. శనివారం వెర్నాకు ఫోన్ చేసింది. "కిటికీ అవతల నిలబడి చూడవే, చాలు. కవరు తలుపు కిందనుంచి తోస్తాను. గీకేసి పో." వెర్నా సరేనంది. ఇంట్లో ఆక్సిజన్ మీద ఉన్న తల్లి గుర్తొచ్చి కాళ్లు రాలేదు. ఆదివారమూ పోలేదు. సోమవారం ఫోన్ మోగుతుంటే చూస్తూ కూర్చుంది.

ఓటెయ్యడానికి ఐదు గంటలు పట్టింది. లాండ్రీకి తిరిగొచ్చేసరికి ఫోర్‌మన్ బ్రాంట్ గుమ్మంలోనే ఉన్నాడు.

"చట్టం ఇచ్చింది మూడు గంటలు. ఓటుకి పోయారా, షికారుకి పోయారా?"

"మూడు గంటలప్పుడు మేమింకా స్కూలు గేటే చూళ్లేదు సార్," అంది డెల్ఫీన్. "ఊరంతటికీ ఐదు చోట్లు పెట్టింది మేమా?"

"నోరు బాగా లేస్తోంది నీకు. రేపట్నుంచి మూటల బల్ల దగ్గరికి పో."

ఆస్పత్రుల నుంచి వచ్చిన మాసిన మూటలు విప్పేది ఆ బల్ల మీదే. రక్తం, వాంతులు, ఇప్పుడు ఈ కొత్త రోగం. చేతులకు తొడుగులు అడిగితే వస్తున్నాయి అనేవాడు బ్రాంట్. ఆరుగురు ఆడవాళ్లు అక్కడే ఉన్నారు. ఒక్కరూ నోరెత్తలేదు. వెర్నా కూడా ఎత్తలేదు.

పదోరోజుకు డెల్ఫీన్ జ్వరంతో పడిపోయింది. ఇరవై మూడో తేదీన ఆస్పత్రిలో పోయింది. వరుసలో అంటిందో, మూటల్లోంచి అంటిందో ఎవరూ చెప్పలేరు. ఖననానికి పదిమందిని మించి రానివ్వలేదు. వెర్నా ఇంట్లోనే స్నానాలగదిలో కుళాయి తిప్పి, తల్లికి వినపడకుండా ఏడ్చింది.

శనివారం షిఫ్టు దిగాక నలభైమందికి పైగా కార్లు పెట్టుకునే స్థలంలో చేరారు. కారుకో గడి గీసి ఉంటుంది కదా, గడికో మనిషి నిలబడ్డారు. పా న్యా అనే పిల్ల, లావోస్ నుంచి వచ్చిన హ్మాంగ్ వాళ్లమ్మాయి, యజమానికి రాసిన ఉత్తరం చదివింది. మాస్కులు, తొడుగులు, జబ్బు చేస్తే జీతంతో సెలవు. ఇవ్వకపోతే సోమవారం నుంచి ఒక్క మూటా విప్పం.

అందరూ బాగుందన్నారు. కలం మాత్రం ఎవరూ అందుకోలేదు.

"పై పేరున్నోళ్లనే ముందు పీకుతారు," అంది ఇస్త్రీ దగ్గర పనిచేసే రోసాల్బా. "నాకు ముగ్గురు పిల్లలు."

"పిల్లల్లేనోళ్లెవరు ఇక్కడ?" అన్నారు వెనక గడిలోంచి ఎవరో.

"అయితే నువ్వే పెట్టు ముందు," అంది రోసాల్బా.

మాట మీద మాట పెరిగింది. వెర్నా తన గడి దాటి ముందుకొచ్చింది.

"అక్క నన్నొక్క సంతకం అడిగింది," అంది. "కిటికీ బయట నిలబడి పెట్టే సంతకం. నేను భయపడి పోలేదు. అందుకే వరుసలో నిలబడింది, అందుకే బ్రాంట్ నోట పడింది. నేను చేసిందిది."

పా న్యా చేతిలో కాగితాన్ని మడిచింది.

"నాకూ చేసింది ఫోను," అంది మెల్లగా. "మా అత్తకి ఒంట్లో బాలేదని చెప్పాను. అబద్ధం."

"నాకూ చేసిందే," అంది రోసాల్బా, ముఖం తిప్పుకుని. "ఎత్తలేదు."

అప్పుడు వెర్నాకు తెలిసింది. ఎవరింట్లో వాళ్లు తలుపులేసుకుని, ఎవరి భయం వాళ్లే మోశారు. భయపెట్టేవాడికి కావలసింది అదే. ఆమె కాగితం అందుకుని కారు బానెట్ మీద పెట్టి మొదటి పేరు రాసింది. రెండోది రోసాల్బా రాసింది. చీకటిపడేలోగా నలభై మూడు పేర్లయ్యాయి.

సోమవారం పొద్దున ఆస్పత్రి లారీ వచ్చింది. మూటలు దిగాయి. బల్ల దగ్గరికి ఎవరూ పోలేదు. బ్రాంట్ ఉత్తరాన్ని జెండాలా ఊపుతూ వచ్చాడు.

"ఎవరిదీ పై పేరు?"

"నాదే," అంది వెర్నా. "డెల్ఫీనక్కని మీరు బల్ల దగ్గరికి తోయడం చూసింది నేను. ఏ కోర్టులో అడిగినా ఇదే చెబుతాను."

"నీకిక పన్లేదిక్కడ. బయటికి నడువు."

వెర్నా ఏప్రాన్ విప్పి మూటల మీద పెట్టి నడిచింది. ఆరడుగులు పోయాక వెనక ఇంకో ఏప్రాన్ పడిన చప్పుడైంది. తిరిగి చూస్తే రోసాల్బా. ఆమెకు ఆరడుగుల వెనక పా న్యా. ఆ వెనక ఇంకొకరు. ఎంత దూరం ఉండాలో ఎవరూ చెప్పనక్కర్లేదు, ఆ వడగళ్ల వరుసలో నేర్చుకున్నదే. గేటు దాటి వీధి మలుపు దాకా వరుస సాగింది. లోపల మూటలు విప్పే చెయ్యి ఒక్కటీ మిగల్లేదు.