పన్నెండు నిమిషాలు

“మళ్ళీనా?” అంది అత్తయ్య, నేను బాత్రూమ్ గడియ పెట్టుకునేలోపే.

పొద్దున్నే అది మూడోసారి. పొయ్యి మీద టీ మరుగుతోంది, మా ఆయన చొక్కా ఇస్త్రీ సగంలో ఉంది. “లోపలేమైనా దాచుకున్నావా ఏంటి?” అని పక్కగదిలోంచి ఆయన నవ్వాడు. మామూలుగా అయితే నేనూ నవ్వేదాన్నే. ఆ రోజు గోడకి చెయ్యి ఆనించి నిలబడ్డాను. వచ్చింది నాలుగు చుక్కలు. అవీ నిప్పులు.

నేను మందుల కంపెనీలో మాత్రలు ప్యాక్ చేస్తాను. దుమ్ము పడకూడదని తలనించి పాదాల దాకా ఒకే తెల్ల కోటు, మాస్కు, రెండు జతల చేతితొడుగులు. బాత్రూమ్‌కి వెళ్ళాలంటే అన్నీ విప్పి, వెళ్ళొచ్చి, చేతులు కడుక్కుని, మళ్ళీ కొత్తవి తొడుక్కోవాలి. పన్నెండు నిమిషాలు పడుతుంది. ఆ పన్నెండు నిమిషాలూ నా పని పక్కవాళ్ళ మీద పడుతుంది. సూపర్‌వైజర్ ఏమీ అనడు, గడియారం చూసి అందరికీ వినపడేలా నిట్టూరుస్తాడు. ఆ నిట్టూర్పు వినడం కంటే ఆపుకోవడమే నయమనిపిస్తుంది. అందుకని మేం ఆడవాళ్ళం ఒక పద్ధతి పెట్టుకున్నాం. పొద్దున లేచాక నీళ్ళు ముట్టం. దాహమైతే టీ. గేటు దగ్గర ఒకటి, భోజనమయ్యాక ఒకటి, మధ్యలో ఇద్దరికో కూల్‌డ్రింకు. టీ అయితే ఒంట్లోనే ఇంకిపోతుందని, నీళ్ళే కిందికి దిగుతాయని మా నమ్మకం. కొత్తగా చేరిన అమ్మాయిలకి మొదటిరోజే ఈ సంగతి చెప్పేది నేనే. ఆరేళ్ళుగా చెబుతున్నాను.

ఆ సాయంత్రం చలిజ్వరం వచ్చింది. డాక్టరమ్మ దగ్గరికి ఒక్కదాన్నే వెళ్ళాను.

“రోజుకి ఎన్ని గ్లాసుల నీళ్ళు తాగుతావమ్మా?”

“ఇంటికొచ్చాక రెండండీ.”

“టీలు?”

వేళ్ళ మీద లెక్కపెట్టాను. “ఐదారు.”

ఆమె పెన్ను కింద పెట్టింది. “నీళ్ళు తాగకపోతే మూత్రం చిక్కబడి మండుతుంది. గంటలు గంటలు ఆపుకుంటే క్రిములు పెరుగుతాయి. టీ, కాఫీ, కూల్‌డ్రింకు, ఎక్కువ కారం చాలామందికి మూత్రాశయాన్ని ఇంకా గిల్లుతాయి. వెళ్ళకూడదని నువ్వు తాగినవే నిన్ను పరిగెత్తిస్తున్నాయి. రోజంతా కొంచెం కొంచెంగా నీళ్ళు తాగు. టీ రెండుకి తగ్గించు. వచ్చినప్పుడు వెళ్ళు.”

“వెళ్ళనివ్వరండీ.”

“అలాగా. కిడ్నీల దాకా పాకితే, వాళ్ళవి ఇస్తారా?”

మందుల షాపులో ఇచ్చిన స్ట్రిప్పు వెనక్కి తిప్పి చూశాను. మా లైన్లోదే. ఆపుకుని కూర్చుని ఇన్నాళ్ళూ ఈ మంటకే మందు ప్యాక్ చేశానన్నమాట. నవ్వొచ్చింది. నవ్వితే పొత్తికడుపు నొప్పి పుట్టింది.

మూడు రోజులు సెలవు పెట్టి, నాలుగో రోజు పొద్దున వంటింట్లో నిలబడి గ్లాసు నిండా నీళ్ళు తాగుతున్నాను.

“పనికెళ్ళేముందు అన్నేసి నీళ్ళేంటి?” అంది అత్తయ్య. “మేం ఓర్చుకోలేదా? ప్రయాణమంటే పొద్దుగూకేదాకా గుక్కెడు తాగేవాళ్ళం కాదు.”

ఓర్చుకుంది, నిజమే. ఇప్పుడు తుమ్మొస్తే తలుపు పట్టుకుని కాళ్ళు దగ్గరికి నొక్కుకుంటుంది. నలుగురిలోకి వెళ్ళడం మానేసి రెండేళ్ళయింది, మోకాళ్ళ నొప్పని చెబుతుంది. పెరట్లో ఎవరూ లేనప్పుడు ఆరేసే మడత గుడ్డలు ఎందుకని నేనడగలేదు, ఆమె చెప్పలేదు. ఆమె ఓర్పు నాకూ రావాలని ఆమె కోరిక. నాకప్పటికే సగం వచ్చేసింది.

“ఆదివారం మిమ్మల్ని కూడా డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్తాను” అన్నాను.

“నాకేం రోగం?” అంది. తర్వాత కూర గిన్నె వైపు చూస్తూ అడిగింది, “ఆడ డాక్టరేనా?”

“టీ ఏదీ?” అని మా ఆయన కేకేశాడు.

“పాలు గిన్నెలో ఉన్నాయి, టీపొడి డబ్బాలో ఉంది” అని చెప్పులేసుకున్నాను.

కంపెనీలో పదిన్నరకి ఒంటికొచ్చింది. చెయ్యెత్తాను.

“ఏంటమ్మా?” సూపర్‌వైజర్ దగ్గరికొచ్చాడు.

“బాత్రూమ్‌కెళ్ళాలి సార్.”

“భోజనానికి రెండు గంటలేగా. అంతలో ఏమైపోతావు?”

“ఏమైపోతానో డాక్టరు చెప్పింది సార్. ఇక ఆగను.”

“నీ ఒక్కదాని కోసం లైన్ ఆపమంటావా?”

“ఆపొద్దు సార్. నా చోట మీరు నిలబడండి.”

ఆయన జవాబు కోసం నేను ఆగలేదు. కోటు, మాస్కు, తొడుగులు విప్పేశాను. కావాల్సినంతసేపు కూర్చున్నాను. చేతులు శుభ్రంగా కడుక్కుని, కొత్త కోటు వేసుకుని, కొత్త తొడుగులు ఒక్కో వేలూ సరిచేసుకుంటూ వేసుకున్నాను. తిరిగొచ్చేసరికి ఆయన వంగి స్ట్రిప్పులు ఏరుకుంటున్నాడు, ముందు కుప్ప పేరుకుపోయింది. పక్కావిడ నవ్వు మాస్కు పైన కళ్ళలో కనిపిస్తోంది.

“అయిందిగా. ఇంక నన్ను వెళ్ళనిస్తావా?” అన్నాడు నడుం పట్టుకుని.

“నాకైతే భోజనందాకా అక్కర్లేదు సార్” అన్నాను నా చోట నిలబడుతూ. “కానీ పక్కావిడ చెయ్యెత్తింది, చూడండి.”